దగ్గిన చిలకలు రెండు

అనగనగా, ఆ నరసింహస్వామి చల్లని చూపు కింద, మణిగిరి అని ఒక రాజ్యం ఉండేది నాయనా. దానికి ధర్మపాలుడని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. తల్లిలేని మేనకోడలు మాణిక్యవల్లి కూడా ఆ ఇంటనే పెరిగింది.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు ఆ పిల్లను ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల తన కోటలో పెట్టాడు. వాడి ప్రాణం చిలకలో ఉందని లోకమంతటికీ తెలుసు. ఏ చిలకలోనో ఎవరూ ఎరగరు. ఒక గదినిండా పంజరాలే. తప్పు చిలక మీద చెయ్యి వేస్తే రాయైపోవడమే.

పెద్దవాడు జయంతుడు వెళ్లాడు. "నేను చూసిన ప్రతి కోటలోనూ విలువైనది బంగారంలోనే దాస్తారు. ఇక్కడా అంతే" అని బంగారు పంజరంలో చెయ్యిపెట్టాడు. రాయైపోయాడు.

నడిమివాడు వసంతుడు వెళ్లాడు. ఒక పంజరం మీద మాంత్రికుడి బూడిద వేళ్ల గుర్తులు కనిపించాయి. "రోజూ తాకుతున్నాడంటే ఇదే" అన్నాడు. దాని తలుపు వదులు, వాడు రోజూ బిగిస్తున్నాడు, అంతే సంగతి! వసంతుడూ రాయైపోయాడు.

ఇక చిన్నవాడు హేమంతుడు. దారిలో వలలో చిక్కిన మైనాను విడిపిస్తే, అది వాడి భుజమెక్కి కూర్చుంది. దాని స్నేహితుడు తాబేలు ఇద్దరినీ ఏడు సముద్రాలూ దాటించింది. తీరాన ఇసుకలో పాదుకల గుర్తులు చూసి, "కోట ఇటే కావచ్చు" అని నడిచాడు హేమంతుడు. తప్పయితే వెనక్కి రావచ్చు కదా!

కోట కిటికీలోంచి మాణిక్యవల్లి పిలిచింది. "బావా, నువ్వూ రాయవుదామని వచ్చావా?"

"ఇంకా అనుకోలేదు. వాడు ఎప్పుడైనా నోరు జారాడా?"

"తన ఒంటికి ఏమైతే ప్రాణచిలకకూ అదే అవుతుందని గొప్పలు పోతుంటాడు."

"నిజమేనా?"

"వాడి వేలు తెగిన రోజే ఏదో చిలక రెక్క తెగిందని వైద్యం చేశాడు. నన్ను మాత్రం ఆ గదిలోకి రానివ్వలేదు."

"అయితే వాడికి దిష్టి తియ్యి" అని చెప్పి, హేమంతుడు చాటుగా పంజరాల గదిలో నక్కాడు.

మాణిక్యవల్లి మాంత్రికుడి ముందు బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, మీ అందానికి ఎంత దిష్టి తగిలిందో!" వాడు మురిసిపోయి దూరంగా పెరట్లో కూర్చున్నాడు. ఎండుమిరపకాయలు ముమ్మారు తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటుకు వాడు ఖళ్లుఖళ్లున దగ్గాడు.

పొగ సోకని గదిలో ఒక చిలక దగ్గింది. ఆ వెంటనే మరొకటీ దగ్గింది!

"మొదట దగ్గింది అదే, పట్టు పట్టు!" అంది మైనా.

"ఆగవే! జలుబు చేసిన చిలకా దగ్గుతుంది. దగ్గిందల్లా వాడి ప్రాణం కాదు. దగ్గనిది మాత్రం కానే కాదు. అన్నీ పోయి రెండు మిగిలాయి. ఇప్పుడు వాడికి పాయసం పెట్టమని మాణిక్యవల్లితో చెప్పిరా, పొగలు కక్కేది."

మైనా ఎగిరింది. దిష్టి పోయిన సంబరంలో మాంత్రికుడు గరిటెడు పాయసం ఒక్కసారే నోట్లో పోసుకున్నాడు. నాలుక చుర్రుమంది.

గదిలో మొదటి చిలక జామపండు కొరుక్కుంటూ హాయిగా ఉంది. రెండోది నాలుక బయటపెట్టి కీచుమంది.

"అది కాకపోయే వీలుందా?" తనను తాను అడిగాడు హేమంతుడు. లేదు. స్వామిని తలుచుకుని రెండో చిలకను పట్టుకున్నాడు. దాని మెడ మీద చెయ్యి పడగానే పెరట్లో మాంత్రికుడు కూలాడు. రాళ్లు రెండూ అన్నలై ఆవులించాయి.

పెద్దవాడు మొహం వేలాడేసుకుని, "మాది బుద్ధి తక్కువరా" అన్నాడు.

"లేదన్నా. చూసినవాటిని బట్టి అనుకోవచ్చు, జాడను బట్టీ ఊహించవచ్చు. ప్రాణం పణం పెట్టేటప్పుడు మాత్రం ఇంకో దారి లేదని తేలాలి."

"చాల్లే బావా, తాబేలు ఎదురుచూస్తోంది" అంది మాణిక్యవల్లి.

మణిగిరిలో వాళ్ల పెళ్లి వైభవంగా జరిగింది. హేమంతుడు చాలాకాలం రాజ్యమేలాడు. కొలువులో ఎవరి మీద ఎవరు నేరం మోపినా, శిక్ష వేయబోయే ముందు, సింహాసనం మీదనుంచి మైనా అరిచేది: "కాకపోయే వీలుందా?" రాజు చెయ్యి ఆగేది.

స్వామి దయవల్ల ఆ రాజ్యంలో ఒక్క నిర్దోషికీ శిక్ష పడలేదట. కథ దాని గూటికి చేరింది. ప్రసాదం తీసుకుని మీరూ మీ గూళ్లకు చేరండి నాయనా.