దాలమ్మ పడుకోనంది

ఇప్పటి కెరటాలకి ముత్తాతలైన కెరటాలు ఒడ్డుకి కొట్టుకునే రోజుల్లో, పగడాలరేవు అనే ఊరొకటి ఉండేది. ఊరికి ముందు సముద్రం, వెనక ఉప్పు మడులు. మడులన్నీ జగ్గప్పదొరవి. ఆ మడుల్లో ఉప్పు లాగి, గంపకెత్తి, గట్టు మీద రాశి పోసే ఆడమనిషి దాలమ్మ.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. గంప మోస్తూ మూడుసార్లు పడినవాళ్ళు ముసలాళ్ళ కింద జమ. వాళ్ళు ఇంక మడి గట్టు తొక్కకూడదు. రేవు చివరనున్న తాటాకు పాకలోకి పోయి పడుకోవాలి. పిల్లలు పూటకింత గంజి తెచ్చిపోస్తారు. మిగతా పని యముడిది. ఈ ఆచారం ఎవరు పెట్టారంటే ఎవరికీ తెలీదు. ఎందుకని అడిగినవాళ్ళూ లేరు.

దాలమ్మ ఎండాకాలంలో ఒకసారి పడింది. వానాకాలంలో ఒకసారి పడింది. మూడోసారి దొర కళ్ళముందే పడింది.

"ఇంక పోయి తొంగో దాలమ్మా" అన్నాడు దొర. తిట్టలేదు, కసరలేదు. చిరిగిన గంపని పక్కన పడెయ్యమన్నట్టు చెప్పాడంతే.

కొడుకు ఎర్రయ్య ఆమెని చెయ్యి పట్టుకుని పాకకి తీసుకెళ్ళి చాప పరిచాడు. పాకలో అప్పటికే పదిమంది పడుకుని ఉన్నారు. దాలమ్మ పదకొండోది. ఆమె కూడా పడుకుంది. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. నడుం చాపకి అతుక్కుపోయింది. ఆరునెలలు తిరిగేసరికి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అలా ఉండగా ఒక గాలివానకి చీనా దేశపు ఓడ ఒకటి రేవుకి కొట్టుకొచ్చింది. గాలి మళ్ళేదాకా అది కదలదు. ఆ ఓడలో లియాంగ్ అనే వైద్యుడున్నాడు. ఎనభై ఏళ్ళవాడు. బక్కపలచటి మనిషి. రేవు రేవూ తిరిగి నాలుగు ముక్కల తెలుగు పట్టుకున్నాడు. అతన్నెక్కడ ఉంచాలని అడిగితే, "ముసలాడేగా, ముసలాళ్ళ పాకలో పెట్టండి" అన్నాడు దొర.

తెచ్చి పెట్టారు. చాప పరిచారు. చీనాతాత ఆ చాప చుట్టేసి గోడకి ఆనించాడు.

తెల్లారేసరికి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. నీళ్ళలో చేతులాడించినట్టు గాలిలో చేతులు మెల్లగా కదిపాడు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చాడు. తరవాత వేడినీళ్ళు తాగాడు. ఎండిన మాచిపత్రి చుట్టలా చుట్టి, అంటించి, మోకాలికి నాలుగు వేళ్ళ కింద సెగ చూపించుకున్నాడు. పాకలో వాళ్ళు పడుకునే నవ్వారు.

"ఏటి తాతా, నువ్వు తొంగోవా?" అంది దాలమ్మ.

"రాత్రి పడుకుంటాను" అన్నాడు తాత.

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

తాత దాలమ్మ పక్కన కూర్చున్నాడు. "నీ మడికి నీళ్ళెలా వస్తాయి?" అనడిగాడు.

"కాలవలోంచి."

"కాలవ పూడిపోతే?"

"మడి ఎండిపోద్ది."

"అప్పుడు మడిని పారేస్తారా?"

"ఎందుకు పారేత్తాం? పూడిక తీత్తాం."

తాత ఆమె మోకాలి మీద వేలితో తట్టాడు. "ఒంట్లోనూ కాలవలే. ఊపిరి పారే కాలవలు. నీవి పూడిపోయాయి. మడి మంచిదే."

దాలమ్మకి ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపమొచ్చింది. ఆరునెలలుగా మడి మంచిదని ఒక్కరూ చెప్పలేదు.

ఆ రోజు లేచి కూర్చుంది. మర్నాడు స్తంభం పట్టుకుని నిలబడింది. మూడోనాడు చేతులు కదపబోయి పడింది. పడ్డచోటే కూర్చుని తన కాళ్ళని తానే తిట్టుకుని మళ్ళీ లేచింది. రోజూ లేచింది, రోజూ కదిపింది, రోజూ సెగ చూపించుకుంది. తాత ఒక్కొక్కటే చెప్పాడు. వేడిగా తిను. కడుపు నిండకముందే చెయ్యి కడుక్కో. ఎండాకాలం పొద్దుకి ముందు లే, చలికాలం పొద్దొచ్చాక లే. దిగులు ఊపిరిని తింటుంది. కోపం దాచుకుంటే కాలేయాన్ని తింటుంది.

"అయితే దాచుకోను. దొర మీద పెడతాను" అంది దాలమ్మ.

చీనాతాత కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

ఆమెని చూసి ఒకరు లేచారు. ఇద్దరు లేచారు. రెండు నెలలకి పదకొండుమందీ లేచారు. అందరిలోకీ పెద్దవాడు గంగులుతాత కర్ర సాయంతో ఒకనాడు సముద్రం దాకా నడిచాడు. మర్నాడే పోయాడు. "చూశారా, ముసలాళ్ళని లేపితే ఇంతే" అంది ఊరు.

"సచ్చాడు. సముద్రం సూసి సచ్చాడు. మీ పాకలో తాటాకు సూసి సావనేదు" అంది దాలమ్మ.

గాలి మళ్ళింది. చీనాతాత ఓడెక్కబోతూ ఆమెతో ఒక్కమాట అన్నాడు. "ఇది చావుకి మందు కాదు."

"మరి దేనికి మందు?"

"బతుక్కి."

ఓడ వెళ్ళిపోయింది. మర్నాడు దాలమ్మ దొర దగ్గరికి నడిచి వెళ్ళింది.

"దొరా, పడమర మూల నువ్వొదిలేసిన మడుంది. పూడిపోయింది. అది మాకియ్యి. మేం పదిమందిమి బాగుచేసుకుంటాం."

దొర నవ్వాడు. "మూడుసార్లు పడ్డావు. పోయి తొంగో."

"నాను తొంగోను దొరా. సచ్చేదాకా బతుకుతాను."

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళింది. ఈసారి దొర నవ్వలేదు. పడుకున్నవాళ్ళు ఏమీ అడగరు, నిలబడ్డవాళ్ళే అడుగుతారని అతనికి అర్థమైంది. మనుషుల్ని పంపి, పాకలో వేడినీళ్ళ కుండ పగలగొట్టించాడు. "ఇప్పుడు తొంగుంటావా?" అనడిగించాడు.

"నాను తొంగోను. సచ్చేదాకా బతుకుతాను" అంది దాలమ్మ. కొబ్బరిచిప్పలో నీళ్ళు కాచింది.

మూడోసారి వెళ్ళేసరికి దొర కుర్చీలోంచి అరిచాడు. "రేపు పొద్దున్నే పాక పీకించేస్తాను. ఎక్కడ నిలబడతావో చూస్తాను!"

తెల్లారింది. గునపాలు పట్టుకుని కుర్రాళ్ళొచ్చారు. అందరూ ఆ పాకలో వాళ్ళ కొడుకులే. ముందు నడుస్తున్నవాడు ఎర్రయ్య. తలొంచుకుని నడుస్తున్నాడు. వెనక బోయీలు మోస్తున్న పల్లకీలో జగ్గప్పదొర.

పాక ముందు పదిమంది ముసలాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఎవరూ అరవలేదు. ఎవరూ దండం పెట్టలేదు. సముద్రం వైపు తిరిగి చేతులు మెల్లగా ఎత్తారు. మెల్లగా దించారు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చారు. కొందరికి కాళ్ళు వణుకుతున్నాయి. వణుకుతూనే మార్చారు.

కుర్రాళ్ళు ఆగిపోయారు. ఎర్రయ్యకి తల్లిని చాప మీద పడుకోబెట్టిన రోజు గుర్తొచ్చింది.

"రా అయ్యా" అంది దాలమ్మ, చేతులు ఆపకుండానే. "పాక పీకుతావా, పీకు. కానీ ఈసారి నానే తొంగోను. నీ సేత్తో నువ్వే పడగొట్టాల."

ఎర్రయ్య గునపం ఇసకలో పడింది. "అమా, నావల్ల కాదు" అని వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. ఇంకో గునపం పడింది. ఆ తరవాత అన్నీ పడ్డాయి.

దొర పల్లకీలోంచి కేకలేశాడు. "పీకండ్రా! లేకపోతే నేనే దిగొస్తాను!"

"దిగు దొరా" అంది దాలమ్మ.

దొర దిగలేదు. ఒక కాలు బయటపెట్టాడు. రెండో కాలు రాలేదు. ఇంట్లో ఏడాదిగా అతన్ని మంచం మీంచి ఇద్దరు లేపితేగాని లేవలేడని బోయీలకి తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు రేవంతా చూసింది. దాలమ్మ కంటే అతను పదేళ్ళు చిన్నవాడు.

దాలమ్మ మెల్లగా నడిచి పల్లకీ దగ్గరికొచ్చింది. నవ్వలేదు. అతని మోకాలి కింద నాలుగు వేళ్ళు కొలిచి, బొటనవేలితో గట్టిగా నొక్కింది. దొర కెవ్వుమన్నాడు.

"మడి మంచిదే దొరా. పూడిపోయింది" అంది. "రోజూ రా, సెగెడతాను. నడిచి రా."

దొర మొహం తిప్పుకున్నాడు. చివరికి, "ఆ పడమర మడి పనికిమాలింది. తీసుకు చావండి" అని బోయీల్ని వెనక్కి తిప్పమన్నాడు. అతను మళ్ళీ రాలేదు. చివరి రోజుదాకా మంచం మీదే ఉన్నాడు.

పదిమందీ పడమర మూల కాలవ తవ్వారు. రోజుకి మూరెడు తవ్వారు. అలిసిపోతే కూర్చున్నారు, మళ్ళీ లేచి తవ్వారు. వేసవికి మడిలో ఉప్పు తేలింది.

దాలమ్మ ఆ తరవాత ఎన్నేళ్ళు బతికిందో తలో లెక్క చెబుతారు. ఒకనాటి పొద్దున చేతులు ఎత్తి, దించి, గట్టు మీద కూర్చుని వేడినీళ్ళు తాగి, అలాగే పోయిందంటారు. పాకని ఎవరూ పీకలేదు. మనుషులు లేక అదే కూలిపోయింది.

ఇప్పటికీ పగడాలరేవులో పెద్దవాళ్ళ కోసం పగటిపూట చాప పరవరు. తెల్లారేసరికి ముసలాళ్ళంతా దాలమ్మ మడి గట్టు మీద సముద్రం వైపు తిరిగి నిలబడతారు. ఎవరికైనా అరవై నిండితే మనవలు ఒక కొత్త కుండ, ఒక మాచిపత్రి కట్ట తెచ్చిస్తారు. ఆ ఊళ్ళో ముసలాళ్ళని వయసెంతని ఎవరూ అడగరు. పొద్దున్నే ఎదురైతే, "లేచావా?" అని అడుగుతారు.

"లేచాను" అంటారు వాళ్ళు, ఎవరి మీదో గెలిచినట్టు.