పోలినాయుడి మట్టి కాపలా

చీపురుమెట్టలో తెలివనేది ఎక్కడైనా ఉందంటే అది తన ఇంట్లోనే ఉందని పోలినాయుడికి గట్టి నమ్మకం. పెరుగు తోడుకి పక్కింటికి వెళ్ళినట్టు, తెలివి కావాలంటే ఊరంతా తన గుమ్మానికే రావాలని అతని ఉద్దేశం. ఎవరూ వచ్చేవారు కాదు. "అడగడానిక్కూడా తెలివుండాల కదేటి" అనేవాడు. "అవునన్నియ్యా" అనేవాడు తమ్ముడు తవిటయ్య. తల్లి అప్పాయమ్మ ఇద్దరు కొడుకుల్నీ చూసుకుని మురిసిపోయి, దిష్టి తగులుతుందని రోజూ ఉప్పు తిప్పి పారేసేది. గుప్పెడు కాదు, జాడీలో ఉన్నదంతా. అందుకే ఆ ఇంట్లో కూరలు చప్పగా ఉండేవి.

ఇంత తెలివున్న ఇంటికి కప్పు ఒక్కటే సరిగ్గా లేదు. మట్టి గోడల మీద తాటాకు కప్పు, ఎక్కడ పడితే అక్కడ కారుతుంది. ఒకరోజు వాన పడుతుంటే పోలినాయుడి భార్య దాలమ్మ గిన్నెడు అంబలి పెట్టుకుని కూర్చుంది. తాగుతోంది, తాగుతోంది, ఎంతకీ తరగడం లేదు. పైనుంచి గిన్నెలోకి చుక్కలు పడుతూనే ఉన్నాయి మరి. పొద్దున్న కూర్చున్న మనిషి మధ్యాహ్నం దాకా తాగి, కడుపు ఉబ్బిపోయి, ఆయాసపడుతూ లేచింది.

"కొత్తింటికి పర్మిషన్ కాయితం సేతిలో ఎట్టుకుని అప్పుడు కబురెట్టు, వొస్తాను. కాయితం లేకపోతే నానూ లేను" అని మూట కట్టుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది.

పోలినాయుడికి కాలూ చెయ్యీ ఆడలేదు. తను చెప్పే ప్రతి తెలివైన మాటకీ "అబ్బో" అనే మనిషి ప్రపంచంలో ఆవిడొక్కతే. ఇప్పుడు తెలివైన మాట నోటిదాకా రావడం, "అబ్బో" అనేవాళ్ళు లేక మళ్ళీ లోపలికి పోవడం. పాపం, అన్నం ముందు కూర్చుంటే కళ్ళనీళ్ళు తిరిగేవి. ఎలాగైనా ఆ కాగితం సంపాదించాలి, దాలమ్మని తెచ్చుకోవాలి, అంతే.

కొత్తిల్లు కట్టుకోవడానికి ఊరి చివర కొండవాలులో వాళ్ళకో చిన్న జాగా ఉంది. దాని కిందనే గెడ్డ, సన్నటి వాగు. ఆ పారే నీళ్ళే ఊరందరికీ ఆధారం. రెండేళ్ళ కిందట ఎవరో పొక్లెయిన్ పెట్టి కొండవాలు చదును చేయిస్తే, వానకి ఆ మట్టంతా గెడ్డలోకి దిగింది. వారం రోజులు ఊరు ఎర్రనీళ్ళు తాగింది. ఉతికిన పంచెలన్నీ కాషాయమైపోయి, ఊళ్ళో మగాళ్ళందరూ సన్యాసం పుచ్చుకున్నట్టు తిరిగారు. అప్పట్నుంచి వాలు చదును చేసేవాళ్ళకి పంచాయతీ నియమాలు పెట్టింది.

పంచాయతీ ఇంజినీరమ్మ హైమావతి గారు జాగా దగ్గరికి వచ్చి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది.

"చదును చేసుకోండి నాయుడుగారూ. కానీ దిగువ అంచున ఇసుక మూటలు వరసగా పేర్చాలి. పరిగెత్తే నీటికి నడక నేర్పాలి. వాన వచ్చేలోపల బోడి మట్టి మీద గడ్డో ఆకో కప్పాలి. చిటికెడు మట్టి కూడా మీ జాగా దాటకూడదు. మొదటి పెద్ద వాన పడగానే వస్తాను. మీ జాగాలోంచి వచ్చే నీళ్ళు గ్లాసులో పట్టి చూస్తాను. తేటగా ఉంటే పర్మిషన్, ఎర్రగా ఉంటే లేదు."

"సిటికెడు కూడానా తల్లీ?"

"చిటికెడు కూడా."

ఇంకేముంది. మర్నాడు అన్నదమ్ములిద్దరూ గునపం, పార పట్టుకుని దిగారు. ఇసుక మూటలు పేర్చారు. ఆ ఒక్కటీ సరిగ్గా చేశారు, ఎందుకంటే అందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. మధ్యాహ్నం తవిటయ్య అన్నానికని గట్టు దాటబోయాడు.

"ఆగు!" అని కేకేశాడు పోలినాయుడు. "నీ కాళ్ళకి మన మట్టుంది."

తవిటయ్య ఠక్కున ఆగాడు. చెంబుతో కాళ్ళు కడిగారు. కడిగిన కాలు కింద పెట్టాడు, మళ్ళీ మట్టి. మళ్ళీ కడిగారు. ఈసారి ఒంటికాలి మీద నిలబడ్డాడు, ఆ ఒక్క కాలికీ మట్టే. "సేతుల మీద నడు" అన్నాడు పోలినాయుడు. నడిచాడు. చేతులకి మట్టి, అదనంగా జుట్టుక్కూడా. "నువ్వు నన్ను ఎత్తుకో అన్నియ్యా." ఎత్తుకున్నాడు. తవిటయ్య బాగానే ఉన్నాడు గానీ మోసేవాడి కాళ్ళకి మట్టి! అంతే, ఇద్దరూ లోపలే ఉండిపోయారు.

కొడుకులు అన్నానికి రాలేదేమిటని అప్పాయమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చింది. నేరుగా లోపలికి నడిచి వచ్చింది. అంతే, ఆవిడా ఉండిపోయింది. ఆవిడ వెనకే మేక వచ్చింది. అదీ ఉండిపోయింది. వెళ్తానని అరిచింది గానీ ఎవరు వెళ్ళనిస్తారు?

సాయంత్రానికి పోలినాయుడి బుర్రకి తట్టింది. దారిన పోయేవాళ్ళని బతిమాలి నులకమంచం తెప్పించి అంచున వేశారు. మంచమెక్కి, కాళ్ళు కడుక్కుని, అవతలికి దూకాలి. మేకకి నాలుగు కాళ్ళు కాబట్టి రెండు చెంబులు. పని జరిగింది! పోలినాయుడు పొంగిపోయి వెనక్కి తిరిగి, "సూసినావా దాలమ్మా" అన్నాడు. దాలమ్మ లేదు. చప్పబడిపోయాడు.

తర్వాతి రోజుల్లో కాపలా ఇంకా గట్టిపడింది. కోడి వచ్చి గీకితే పట్టుకుని గోళ్ళు తోమేవారు. ఒకరోజు తవిటయ్య గెడ్డవైపు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు, రెండు వేళ్ళతో ఒక వానపామునెత్తి పట్టుకుని.

"అన్నియ్యా, ఇది మన మట్టి తినేసి పారిపోతంది! దీని కడుపు నిండా మన మట్టే!"

"సిటికెడుంటాదేటి?"

"సిటికెడు పైనే ఉంటాది."

దాన్ని వెనక్కి తెచ్చి, జాగా నడిమధ్యలో వదిలి, ఇకమీదట తిన్నచోటే పడుండాలని గట్టిగా చెప్పారు.

నీటికి నడక నేర్పే పని తవిటయ్య తీసుకున్నాడు. బిందెడు నీళ్ళు తెచ్చి వాలులో ఒలకబోశాడు. నీళ్ళు పరిగెత్తాయి. "నడు! నడు!" అంటూ వెనకాల పరిగెత్తాడు. వినలేదు. ఇంకో బిందె, ఇంకో బిందె. "నువ్వు పరిగెడతా నడవమంటే అదెలగ నేర్సుకుంటాది? పెద్దోళ్ళని సూసి నేర్సుకోవాల" అంది అప్పాయమ్మ. తను నీటి ముందు నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ నడిచి చూపించింది. కొత్త బిందె నీళ్ళు ఆవిడ కాళ్ళ సందులోంచి దూరి ముందుకు పోయాయి. "పెద్దంతరం సిన్నంతరం లేదు" అని నొచ్చుకుంది అప్పాయమ్మ.

ఇంతలో ఒక పొద్దున కొండమీద మబ్బు నల్లగా దిగింది. మట్టి బోడిగా ఉంది. కప్పడానికి గడ్డి లేదు, ఆకు లేదు. ఇంజినీరమ్మ గ్లాసు పట్టుకుని వస్తుంది. గ్లాసు ఎర్రగా ఉంటే కాగితం లేదు. కాగితం లేకపోతే దాలమ్మ లేదు. పోలినాయుడు ఎగువకి చూశాడు. గెడ్డ గట్టున తన ఇంటి కప్పు కనిపించింది.

"తవిటిగా! మన నెత్తిమీద బండెడు ఆకు ఎట్టుకుని ఊరంతా ఎతుకుతున్నాం!"

"అవునన్నియ్యా!"

అంతే, ఇద్దరూ ఇంటిమీదికెక్కి, వాసాలతో సహా కప్పు ఊడదీసి, జాగాకి మోసుకెళ్ళి మట్టిమీద నీటుగా పరిచారు. చిరుగులున్న చోట ఆకు మడిచి సర్దారు. ఇంటికి ఇన్నేళ్ళలో అంత శ్రద్ధగా ఎప్పుడూ సర్దలేదు. ఇంట్లో మంచం మీద కూర్చున్న అప్పాయమ్మ ఆకాశంలోకి చూసి, "ఇల్లు ఎంత ఎలుతురుగా ఉందో" అని సంతోషించింది.

వాన దంచికొట్టింది. అన్నదమ్ములు జాగా దగ్గరే నిలబడి, తడిసి ముద్దయి కాపలా కాశారు. కప్పు కింద మట్టి హాయిగా పొడిగా పడుంది. వాన తగ్గాక పోలినాయుడు ఆనందంగా వెళ్ళి గెడ్డలో గ్లాసు ముంచాడు. పైకెత్తి చూశాడు.

ఎర్రగా, కారం కలిపినట్టుంది.

పోలినాయుడు అక్కడే కూలబడ్డాడు. దాలమ్మ మూట, దాలమ్మ గాజులు, దాలమ్మ "అబ్బో" అన్నీ ఆ ఎర్రనీళ్ళలో కొట్టుకుపోతున్నట్టు అనిపించి, పెద్ద గొంతుతో ఏడ్చాడు. తవిటయ్య మాత్రం జాగా అంతా చూసి వచ్చి, "మన మట్టి మనకాడే ఉందన్నియ్యా. ఇది ఎవుడిదో మట్టి!" అన్నాడు.

పోలినాయుడి ఏడుపు చటుక్కున ఆగింది. ఎవడో! ఎగువన ఎవడో దుర్మార్గుడు నియమాలు పాటించకుండా మట్టి వదిలేస్తున్నాడు! ఇద్దరూ చెరో కర్ర తీసుకుని ఎర్రనీళ్ళ వెంబడే ఎగువకి నడిచారు. గెడ్డ పక్కగా, తుప్పల్లోంచి, ఒక పెరడులోకి వచ్చారు. అక్కడ గోడలు లేవు, కప్పు లేదు, ఒక పెద్ద ఎర్రమట్టి కుప్ప కరుగుతూ ఉంది. కుప్ప మధ్యలో మంచం, మంచం మీద అప్పాయమ్మ, నెత్తిన చేట.

"అమ్మా! నువ్వు ఎవులింట్లో కూకున్నావే?" అన్నాడు పోలినాయుడు.

"నాను కదల్లేదురా. పొద్దున్న మీరు కప్పు అట్టుకెళ్ళినారు. తరవాత ఎవులో గోడలట్టుకెళ్ళినారు."

పోలినాయుడు నాలుగు వైపులా చూశాడు. వాళ్ళ ఇంటికి గోడలుంటాయి, ముగ్గుపట్టీలుంటాయి. దీనికి లేవు. వాళ్ళ ఇంటికి వీధివైపు నుంచి వెళ్తారు. దీనికి పెరటివైపు నుంచి వచ్చారు. కాబట్టి ఇది వాళ్ళ ఇల్లు కాదు. ముసలావిడ పాపం దారి తప్పింది.

మర్నాడు పొద్దున్నే ఇంజినీరమ్మ వచ్చింది. జాగాలోంచి, ఇసుక మూటల సందులోంచి కారుతున్న నీళ్ళు గ్లాసులో పట్టి వెలుతురుకెత్తింది. అద్దంలా ఉన్నాయి. "శభాష్ నాయుడుగారూ" అని కాగితం మీద సంతకం చేసి చేతిలో పెట్టింది. పోలినాయుడు దాన్ని కళ్ళకద్దుకుని, వెంటనే దాలమ్మకి ఫోన్ చేసి, ఆ తర్వాత ఇంజినీరమ్మని కుప్ప దగ్గరికి లాక్కెళ్ళాడు.

"ఇదిగో తల్లీ, గెడ్డంతా పాడుసేసినోడు ఈడు! వొదలకండి!"

ఆవిడ కుప్పని చూసింది. మంచాన్ని చూసింది. "ఇది మీ ఇల్లే కదండీ" అంది.

"మా ఇంటికి గోడలుంటాయి తల్లీ."

"వానకి కరిగిపోయాయండీ. కప్పు తీసేశారుగా."

"మా ఇంటికి కప్పుంటాది తల్లీ."

ఆవిడ మూడోసారి చెప్పడం మానేసి కలం తీసింది. ఒక కాగితం రాసి చదివింది: "పోలినాయుడు గారు ఈ మట్టి కుప్పని ఇవాళే కప్పాలి. మళ్ళీ మట్టి గెడ్డలోకి వెళితే పోలినాయుడి పర్మిషన్ రద్దు."

"నా పేరే ఎట్టుకున్నాడూ దొంగ!" అని పళ్ళు కొరికాడు పోలినాయుడు.

మధ్యాహ్నానికి దాలమ్మ ఆటో దిగింది. కాగితం చూసి రొండిన దోపుకుంది. జాగా చూసింది. కప్పెత్తి కింద మట్టి తడిమింది, పొడిపొడిగా ఉంది. "మట్టినే ఇంత సుకంగా సూసినోడివి, నన్నింకెంత సుకంగా సూస్తావో! అబ్బో!" అంది. పోలినాయుడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నవ్వాడు కూడా. తర్వాత ఆ రెండో పోలినాయుడి సంగతంతా చెప్పాడు.

దాలమ్మ మనసు వెన్న. "అయ్యో, కొంపా గోడూ పోయి, కప్పడానికి ఆకు కూడా లేదేటి ఆ మనిషికి? ఆడి పెళ్ళామెంత ఏడుస్తందో! పేరు కలిసినోడు అయినోడి కిందే లెక్క. మన కప్పు ఆడికిచ్చీయ్."

"నువ్వు సెప్తే కాదంటానేటి?"

ఇంకేముంది. తవిటయ్యని కూడా పిలిచి, ముగ్గురూ కలిసి కప్పెత్తి, మోసుకెళ్ళి, కుప్పమీద కప్పేశారు. అప్పాయమ్మ మంచంతో సహా కిందకి పోయింది. "ఇప్పుడు మళ్ళీ మనిల్లులాగే ఉంది" అంది లోపలినుంచి. ఎవరూ పట్టించుకోలేదు. చేతులు దులుపుకున్నారో లేదో, ఢామ్మని ఉరిమింది. బోడి జాగా మీద వాన ఇసుక మూటలు కూడా ఆపలేనంతగా కురిసింది. గంట గడిచాక పోలినాయుడు గెడ్డలో గ్లాసు ముంచి ఎత్తాడు. ఎర్రగా ఉంది!

"ఆ పోలినాయుడు మళ్ళీ వొదిలీసినాడు! ఎంత సాయం సేసినా బుద్ది రానేదు!"

మొగుడూ పెళ్ళాలిద్దరూ తడిబట్టలతోనే పంచాయతీ ఆఫీసుకి పరిగెత్తారు. ఇంజినీరమ్మ అంతా విని, తల పట్టుకుని, నెమ్మదిగా అంది. "సరే, రేపు వచ్చి చూస్తాను. ఈలోగా మీ కాగితం మాత్రం భద్రం. అది పోతే మళ్ళీ ఇవ్వడం నా చేతిలో లేదు."

"మా కాయితం సంగతి కాదు తల్లీ. పోలినాయుడి కాయితం సింపుతారా, సింపరా?" అని బల్లమీద గుద్దాడు పోలినాయుడు.

ఆవిడ మళ్ళీ తల పట్టుకుంది. దాలమ్మకి జాలేసింది.

"కోప్పడకయ్యా. సదువుకున్నోళ్ళకి కాయితాలు దాయడమే గానీ సింపడం ఎలగ తెలుస్తాది? మనమే నేర్పాల" అంది. రొండిన ఉన్న పర్మిషన్ తీసి, ఇంజినీరమ్మ కళ్ళముందు పట్టుకుని, "ఇలగ తల్లీ" అని నిలువునా చింపింది. "మళ్ళీ ఇలగ" అని అడ్డంగా చింపింది. నాలుగు ముక్కలూ బల్లమీద పెట్టి, "ఆడిది కూడా అచ్చం ఇలగే" అంది.

"అబ్బో!" అన్నాడు పోలినాయుడు.

న్యాయం జరిగిపోయిందని ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆఫీసు మెట్లు దిగారు. కథైతే అప్పుడే కంచి చేరిపోయింది. వాళ్ళిద్దరూ మాత్రం ఇంటికని బయల్దేరి, ఏ ఇంటికో తేలక ఇంకా దారిలోనే ఉన్నారు.