కుడిచేత్తో చూసిన జాయ్‌స్టిక్

విజయనగరం బస్ కాంప్లెక్స్ ఎదురు సందులో ఒక వీడియో గేమ్‌ల హాలు, ఆ హాల్లో త్రినాథరావు అనే మెకానిక్ ఉండేవాడు. చెయ్యి తిరిగినవాడే గానీ, తను ముట్టుకున్న వస్తువులో లోపం ఉందంటే ఒప్పుకునే రకం కాదు.

హాలు కామేశ్వరి గారిది. మెషిన్లన్నీ పాతవి. బస్సు కోసం చూసేవాళ్ళు, కాలేజీ ఎగ్గొట్టినవాళ్ళు పొద్దస్తమానం ఆ జాయ్‌స్టిక్కుల్ని పీకి పాకం పెట్టేవారు. ఏదైనా పలకడం మానేస్తే త్రినాథరావు దాని బల్ల విప్పి తిరగేసేవాడు. స్టిక్ అడుగున నాలుగు పక్కలా నాలుగు స్విచ్‌లు, ఒక్కో స్విచ్ మీద చిన్న రేకు ఉంటాయి. పైన స్టిక్‌ను ఎడమకి వంచితే కింద దాని మొదలు కుడికి జరిగి కుడివైపు రేకును నొక్కుతుంది. అంతకుముందున్న మెకానిక్‌కి ఈ సంగతి తెలియక, ఎడమకి పోవడం లేదంటే ఎడమ స్విచ్‌నే మార్చి మార్చి కామేశ్వరి గారి చేత చీవాట్లు తిన్నాడు. త్రినాథరావుకి అలాంటి తికమక లేదు. అందుకే ఆవిడకి అతనంటే గురి.

ఆ గురే అతని నెత్తికెక్కింది. పని అయ్యాక కూర్చుని ఒక ఆట ఆడి చూసేవాడు కాదు. ఆటలాడడం పనీపాటా లేనివాళ్ళ సంగతి అనేవాడు. నిలబడే కుడిచేత్తో స్టిక్‌ను నాలుగు వైపులా టకటకా కొట్టి, నాలుగూ పలికాయనుకుని వెళ్ళిపోయేవాడు. ఆ తర్వాత ఎవడైనా వచ్చి ఇది సరిగ్గా పోవడం లేదంటే అతని దగ్గర ఒకటే జవాబు ఉండేది. స్టిక్ బాగానే ఉంది, నీ చెయ్యే బాగోలేదు అనేవాడు. చుట్టుపక్కల వాళ్ళు గొల్లున నవ్వేవారు. అడిగినవాడు కూడా సిగ్గుపడుతూ నవ్వేసి ఇంకో మెషిన్ దగ్గరికి పోయేవాడు. అనగా అనగా ఆ మాట అతనికి ఊతపదమైపోయింది.

అలాంటి హాలుకి పైడినాయుడు అనే బస్సు డ్రైవరు రావడం మొదలుపెట్టాడు. ప్రైవేటు బస్సును హైదరాబాదుకి తిప్పేవాడు. ఇంటి మెట్ల మీద జారిపడి ఎడమచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పేసరికి ఎముకైతే అతికింది గానీ, మణికట్టు పట్టేసింది, వేళ్ళు మొద్దుబారాయి. రోజూ కదుపుతూ ఉంటే వదులవుతుందని, కదపడం మానేస్తే మళ్ళీ బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. నొక్కమని రబ్బరు బంతి ఒకటి ఇచ్చాడు. పైడినాయుడికి విసుగేసి దాన్ని మంచం కిందికి తన్నేశాడు. గేమ్‌ల హాల్లో, లారీల మధ్య నుంచి కారును తప్పించే ఆట చూసేసరికి మాత్రం అతనికి ప్రాణం లేచొచ్చింది. స్టిక్ పట్టాల్సింది ఎడమచేత్తో. బస్సులో గేరు వేయాల్సిందీ ఎడమచేత్తోనే.

దసరా దాకా సీటు నీకోసం ఉంచుతానని బస్సు యజమాని మాటిచ్చాడు. ఈలోగా చెయ్యి స్వాధీనంలోకి వస్తే స్టీరింగు, రాకపోతే గ్యారేజీ గేటు దగ్గర కాపలా. పైడినాయుడు మీసాలు రాని రోజుల నుంచీ క్లీనరుగా, తర్వాత డ్రైవరుగా బస్సులోనే బతికినవాడు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయే బస్సులకి దారివ్వడం తలుచుకుంటేనే అతనికి ముద్ద దిగేది కాదు.

అందుకని ఎండనీ వాననీ చూడకుండా వచ్చేవాడు. మొదట్లో పాపం ఆ కారు రోడ్డు మీద ఉన్న ప్రతి లారీనీ పలకరించేది. కామేశ్వరి గారు నవ్వాపుకుంటూ కుర్చీ ముందుకు జరిపి వేసేవారు. రానురాను వేళ్ళు ముడుచుకోవడం నేర్చుకున్నాయి. మణికట్టు కొంచెం కొంచెంగా తిరిగింది. ఇంటి దగ్గర టీ గ్లాసు ఎడమచేత్తో ఎత్తానని ఒకరోజు కామేశ్వరి గారికి పనిగట్టుకుని చెప్పాడు.

అంతలో ఒకరోజు కారు ఎడమకి తిరగడం మానేసింది. కుడికి పోతోంది, ముందుకి పోతోంది, వెనక్కి వస్తోంది. ఎడమకి మాత్రం ఎంత వంచినా కదలదు. పైడినాయుడు చెమటలు తుడుచుకుని మళ్ళీ ప్రయత్నించాడు. చివరికి భయపడుతూనే త్రినాథరావుని పిలిచాడు.

త్రినాథరావు చేతిలో ఇంకో మెషిన్ పని ఉంది. విసుక్కుంటూ వచ్చి, నిలబడే కుడిచేత్తో స్టిక్‌ను ఎడమకి ఒక్క తోపు తోశాడు. కారు ఠక్కున ఎడమకి దూకింది.

"ఓపాలి ఇప్పి సూడండి బావూ. నేను వొంచితే పోనంటంది" అన్నాడు పైడినాయుడు.

"విప్పడానికి ఏముంది నాయుడూ? స్టిక్ బాగానే ఉంది, నీ చెయ్యే బాగోలేదు" అన్నాడు త్రినాథరావు అలవాటు కొద్దీ.

అలవాటు కొద్దీ పక్కవాళ్ళూ నవ్వారు. పైడినాయుడు నవ్వలేదు. తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని కాసేపు చూసుకున్నాడు. తర్వాత లేచి వెళ్ళిపోయాడు. ఆ మాట మిగతావాళ్ళకి వేళాకోళం, అతనికి మాత్రం అంతా తేలిపోయిన మాట. వస్తోందనుకున్న చెయ్యి రావడం లేదని, ఇక రాదని అతను అనుకున్నాడు. నేరుగా యజమాని దగ్గరికి వెళ్ళి, దసరా దాకా ఆగక్కర్లేదు, సీటు ఇంకొకరికి ఇచ్చేయండి అని తన నోటితోనే చెప్పేశాడు. మర్నాటి నుంచి గేటు దగ్గర కూర్చున్నాడు. ఇక కదిపి ఏం లాభమని చెయ్యి ఒళ్ళో పడేసుకున్నాడు.

హాల్లో పైడినాయుడు రావడం లేదేమని కామేశ్వరి గారు ఒకటి రెండుసార్లు అడిగారు. ఆట విసుగేసి ఉంటుందని త్రినాథరావు తేల్చేశాడు. ఆ స్టిక్ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కుర్రాళ్ళు దాన్ని విసురుగా లాగి ఎలాగో ఆడుకునేవారు, పోకపోతే ఇతని నోటికి జడిసి ఊరుకునేవారు.

దసరా దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం వాన పట్టుకుని హాలు ఖాళీగా ఉంది. త్రినాథరావు మిరపకాయ బజ్జీలు తెచ్చుకుని, కారు ఆట ముందున్న కుర్చీలో కూలబడ్డాడు. కుడిచేతిలో బజ్జీ ఉంది. ఊరికే ఉండలేక ఎడమచెయ్యి స్టిక్ మీద వేసి మెల్లగా కుడికి వంచాడు. కారు కుడికి పోయింది. ఎడమకి వంచాడు. పోలేదు. ఇంకోసారి వంచాడు. కదల్లేదు. విసురుగా తోస్తే మాత్రం పోయింది.

అతను బజ్జీ కింద పెట్టేశాడు. ఆడేవాళ్ళందరూ కూర్చుని ఎడమచేత్తో పట్టే స్టిక్‌ను తను ఇన్నాళ్ళూ నిలబడి కుడిచేత్తో చూస్తున్నాడు. ఆ సంగతి అతనికి ఆ క్షణం దాకా తట్టనే లేదు. బల్ల విప్పి చూస్తే కుడివైపు రేకు వంగిపోయి ఉంది. గట్టిగా కొడితే తగులుతుంది, మెల్లగా వంచితే అందదు. ప్లయరుతో పట్టి ఒక్కసారి సరిచేస్తే చాలు. అంత చిన్న పని. రేకు సరిచేస్తుంటే అతనికి పైడినాయుడు గుర్తొచ్చాడు.

కామేశ్వరి గారికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. చెప్పాల్సింది నాకు కాదు అని మాత్రం అన్నారు. త్రినాథరావు వానలోనే గ్యారేజీకి వెళ్ళాడు. గేటు దగ్గర పైడినాయుడు కాకీ చొక్కాలో కూర్చుని ఉన్నాడు. జరిగినదంతా అతనికి చెప్పి, తప్పు నాదీ, స్టిక్‌దీ, నీ చేతిది కాదు అన్నాడు.

పైడినాయుడు ఒళ్ళో ఉన్న ఎడమచేతికేసి చూసుకున్నాడు. అయితే ఆ రోజు నా చెయ్యి బాగానే ఉందా అని మెల్లగా అడిగాడు. బాగానే ఉందన్నాడు త్రినాథరావు. అంతే, గేటు పక్కవాడికి అప్పజెప్పి అతని వెంట హాలుకి వచ్చేశాడు. కుర్చీలో కూర్చుని ఆశగా స్టిక్ మీద చెయ్యి వేశాడు.

ఇప్పుడు స్టిక్ వేలితో తాకితే చాలు, పలుకుతోంది. వేళ్ళే దాని చుట్టూ ముడుచుకోవడం లేదు. ఇన్నాళ్ళూ కదపక చెయ్యి కట్టు విప్పిన రోజు ఎలా ఉందో అలాగే బిగుసుకుపోయింది.

"ఆ పొద్దు మీరన్నది అబద్దం బావూ. ఇయాల నిజమైపోనాది" అన్నాడు పైడినాయుడు.

త్రినాథరావుకి తల కొట్టేసినట్టయింది. అతన్ని వెంటబెట్టుకుని యజమాని దగ్గరికి వెళ్ళి, తప్పంతా తనమీద వేసుకుని బతిమాలాడు. యజమాని చెడ్డవాడు కాదు. కానీ సీటు అప్పటికే ఇంకో డ్రైవరుకి ఇచ్చేశాడు, ఆ డ్రైవరు పెళ్ళాంబిడ్డలతో ఊరు మారి వచ్చేశాడు. అతన్ని ఏ మొహం పెట్టుకుని పొమ్మనను అన్నాడు యజమాని. చెయ్యి వస్తుంది గానీ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలన్నాడు డాక్టరు.

పైడినాయుడు మళ్ళీ హాలుకి రావడం మొదలుపెట్టాడు. అతను వచ్చేలోగా త్రినాథరావు ఆ కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో మెల్లగా నాలుగు వైపులా వంచి చూసి లేచేవాడు. ఎవరు ఏ స్టిక్ గురించి చెప్పినా ముందు స్క్రూడ్రైవరు తీసేవాడు, తర్వాతే నోరు విప్పేవాడు.

దసరా నాడు సాయంత్రం కాంప్లెక్స్ దగ్గర ఒక బస్సు హారను మోగింది. ఆ హారను పైడినాయుడికి తెలుసు. అది అతని హైదరాబాదు బస్సు. స్టిక్ మీద అతని చెయ్యి ఆగిపోయింది, తెర మీద కారు వెళ్ళి లారీకి గుద్దుకుంది. త్రినాథరావు అది చూసి తలవంచుకుని నిలబడ్డాడు.

కాబట్టి పిల్లలూ, ఎవరైనా మన పనిలో లోపం ఉందని చెబితే ముందు మన పనిని సరిచూసుకోవాలి. అది చేయకుండా లోపం నీలోనే ఉందని ఎదుటివాణ్ణి వేళాకోళం చేస్తే, ఆ మాట నమ్మి అతను పోగొట్టుకున్నది మనం తిరిగి ఇవ్వలేం.