డాలు లేని ఇద్దరు

బయ్యన నాయకుడు కొండెక్కి మల్లజియ్య మఠానికి వచ్చేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఒరలోంచి కత్తి తీసి గురువు పాదాల దగ్గర పెట్టాడు.

"విభూతి పెట్టండి గురువుగారూ. రేపు యుద్ధం."

"సుల్తాను మళ్ళీ వచ్చాడా?"

"తన ఊరు కాపాడుకోవడానికే సుల్తానుకు సేన చాలడం లేదు, ఇంక మన మీదికేం వస్తాడు? యుద్ధం గుండారెడ్డితో."

మల్లజియ్య కుడుతున్న విస్తరి పక్కన పెట్టాడు.

పన్నెండేళ్ళ కిందట చుట్టుపక్కల నాయకులు ఏడుగురు ఒక్కటై సుల్తాను సేనలతో పోరు మొదలుపెట్టి, ఈ ఏడు వాటిని తరిమికొట్టారు. అందరికంటే ముందు నడిచినవాళ్ళు బయ్యన, గుండారెడ్డి. ఇద్దరికీ కత్తి నేర్పింది మల్లజియ్యే. సుల్తాను మనుషులు పోయాక పులికొండ కోట ఖాళీ అయింది. అది ఎవరిదన్న మాట దగ్గర ఏడుగురూ రెండుగా చీలిపోయారు.

"కోటలో ముందు అడుగు పెట్టింది నేను" అన్నాడు బయ్యన.

"వాడేమంటాడు?"

"తలుపు విరగ్గొట్టింది తనంటాడు."

"తలుపు విరగకుండా నువ్వెలా వెళ్ళావురా?"

బయ్యన ముఖం ఎర్రబడింది. "నేను తగువు తీర్చమని రాలేదు. వాణ్ణి పడగొట్టే దెబ్బ ఒక్కటి చెప్పండి. వాడి లోటు తెలిసింది మీకే."

ముసలాయన లేచి, వెదురు కర్ర చివర పొయ్యిలోని మసి అద్దాడు. కొత్త శిష్యులకు నేర్పేటప్పుడు అలా అద్దడం ఆయన అలవాటు. దెబ్బ ఎక్కడ తగిలిందో మసే చెబుతుంది.

"కత్తి తీసుకో. నన్ను ఆపు."

డెబ్భై ఏళ్ళవాడితో ఆటేమిటని బయ్యన నవ్వాడు. పది ఊపులయ్యేసరికి నవ్వు పోయింది. తెల్లటి అంగీ చూసుకున్నాడు. కుడివైపు ఒక్క మచ్చ లేదు. ఎడమ డొక్క నిండా మసే.

"పన్నెండేళ్ళు యుద్ధాలు చేశాను. ఎడమపక్క నాకెప్పుడూ గాయం కాలేదు!"

"కాదు మరి. అటు ఎవడుండేవాడు?"

బయ్యన కత్తి మళ్ళీ గురువు పాదాల దగ్గర పెట్టాడు. గుండారెడ్డిది ఎడమచేతివాటం. అందుకే గురువు వాళ్ళిద్దర్నీ జతచేసి, డాలు లేకుండా భుజం భుజం ఆనించి నిలబడి పోరాడటం నేర్పాడు. ఒకడి కత్తి కుడికి, ఒకడి కత్తి ఎడమకు. మధ్యలో కాచుకోవలసిన పని ఇద్దరికీ లేకపోయింది.

బయ్యన అడిగాడు. "వాడికీ ఇదే లోటా?"

మల్లజియ్య దండెం వైపు చూపించాడు. అక్కడ ఇంకో తెల్ల అంగీ వేలాడుతోంది. దాని కుడి డొక్క నిండా మసి.

"నిన్న వచ్చాడు. నువ్వడిగిందే అడిగాడు. ఉతికి పట్టుకుపోరా అంటే, వదిలేసి పోయాడు."

బయ్యన ఆ అంగీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వడిగిన దెబ్బ అదేరా, నాయనా" అన్నాడు గురువు వెనకనుంచి. "తప్పదు, పడిపోతాడు. పన్నెండేళ్ళు నువ్వు నిలబడ్డచోటే కొట్టు."

బయ్యన తన అంగీ విప్పాడు. దండెం మీది అంగీ కూడా తీసుకున్నాడు. రెండూ చంకన పెట్టుకుని వాగు వైపు దిగిపోయాడు.

కత్తి గురువు పాదాల దగ్గరే ఉంది.