మందరమ్మ చెప్పేసిన పాస్‌వర్డ్

ఆ అడవిలో పారే ఏటి ఒడ్డున తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టి, పైన ఇసుక కప్పేసి, తమ దారిన తాము నీళ్లలోకి పోతుంటాయి. ఒక ఏడు వరదొచ్చి గుర్తులన్నీ చెరిపేసింది. ఏ గుంత ఎక్కడుందో తెలియక, పిల్లలు బయటికొచ్చే వేళకు నీటిదారి చూపే పెద్ద దిక్కే లేకపోయింది. చాలా పిల్లలు పోయాయి. అప్పటినుంచి మందరమ్మ అనే ముసలి తాబేలు తన కలుగులో ఒక కంప్యూటర్ పెట్టుకుని, ఏ రాయికి ఎన్ని అడుగుల దూరంలో ఎవరి గుడ్లున్నాయో అందులో రాసిపెడుతోంది. ఈ ఏడు మొత్తం పంతొమ్మిది గుంతలు.

మందరమ్మ మంచిది. కాకపోతే భయస్తురాలు. ఆకు రాలినా తల లోపలికి లాక్కుంటుంది. లాక్కున్నాక తనకెవరూ కనబడరు గనక తానూ ఎవరికీ కనబడదనీ, వినబడదనీ ఆమె నమ్మకం. అరవయ్యేళ్లు అలా బతికిన ప్రాణాన్ని తప్పుపట్టి ఏం లాభం?

ఒకరోజు పొద్దున్నే చతురయ్య అనే నక్క మెడలో ఏదో అట్టముక్క వేలాడదీసుకుని కలుగు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పిన్నీ, కంప్యూటర్ ఆఫీసు నుంచి వచ్చాను. మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది."

"ఇందాక బాగానే ఉందే నాయనా."

"పైకి బాగానే ఉంటుంది. లోపల్లోపల తినేస్తుంది. ఇంకో రెండు నిమిషాల్లో మీరు రాసిందంతా పోతుంది. వరదొచ్చిన ఏడు గుర్తుందా పిన్నీ? దిక్కు తెలియక పోయిన ఆ పసికూనలు?"

"మరిప్పుడెలా?"

"పాస్‌వర్డ్ చెప్పండి చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

"అది ఎవరికీ చెప్పకూడదంటారు కదయ్యా."

"పరాయివాళ్లకి చెప్పకూడదు. నేను ఆఫీసువాణ్ణి. ఇంక ఒక్క నిమిషమే ఉంది పిన్నీ. తర్వాత ఆ పంతొమ్మిది గుంతల పాపం మీదే, నాది కాదు."

అలవాటు కొద్దీ మందరమ్మ తల లోపలికి పోయింది. అక్కడ చీకటిగా, వెచ్చగా, ఎంతో భద్రంగా ఉంది. ఆ ధైర్యంతోనే లోపల్నుంచి గట్టిగా అరిచి చెప్పింది. "బుల్లెమ్మ పన్నెండు."

తల బయటపెట్టేసరికి నక్క లేడు. మెడలోని అట్టముక్క కలుగు ముందు పడి ఉంది. చూస్తే బిస్కెట్ డబ్బా మూత.

అటుగా వచ్చిన తీతువు పిట్ట లకుమ ఆగి అడిగింది. "అక్కా, ఆ నక్కకి నీతో పనేంటి?"

దారి అడిగాడని చెప్పేద్దామనుకుంది మందరమ్మ. ఇంత వయసొచ్చి ఇంత సులువుగా మోసపోయిందని తెలిస్తే ఏటి పొడుగునా నవ్వుకుంటారు. కానీ గుంతల్లో ఉన్నవి తన గుడ్లు మాత్రమే కాదు. ఆ సంగతి గుర్తొచ్చి, సిగ్గు చంపుకుని జరిగిందంతా చెప్పేసింది. చెబుతుంటే కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

లకుమ నవ్వలేదు. "వాడి బొరియ ఏటికి అవతల. వాడికి ఈత రాదు, రేవు దాకా చుట్టూ తిరిగి పోవాలి. అక్కడికెళ్లి వాడి కంప్యూటర్‌లో మనది తెరిచేలోపు టైముంది. పాస్‌వర్డ్ మార్చెయ్ అక్కా."

"మారుస్తాను. ఊరికే మారిస్తే రేపు ఇంకో వేషంలో ఇంకొకరి గుమ్మం ఎక్కుతాడు. ముందు వాడికో ఉత్తరం రాసిపెడదాం."

మందరమ్మ రాసుకున్నదంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌లో ఉన్నది చెరిపేసింది. దాని చోట ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొత్తగా రెండు వాక్యాలు కొట్టింది. జన్మలో ఆమె ఏ పనీ అంత వేగంగా చెయ్యలేదు. చూసేవాళ్లకి అది వేగంలా కనబడదు, అంతే. 'గుడ్లన్నీ ఒక్కచోటికి మార్చాం. మద్దిచెట్టు కింద, మెత్తటి మట్టిలో, మూడడుగుల లోతు.'

మద్దిచెట్టు కింద వారం క్రితమే శూలయ్య అనే ముళ్లపంది కాపురం పెట్టాడు. లకుమ ఎగిరిపోయి విషయం చెబితే, "రానివ్వమ్మా, పగలంతా ఇంట్లోనే ఉంటాను," అన్నాడు ఆవులిస్తూ.

చతురయ్య ఇంటికి చేరి, 'బుల్లెమ్మ పన్నెండు' కొట్టి, ఆ రెండు వాక్యాలూ చదివి లొట్టలేశాడు. వెంటనే వెళ్లి మద్దిచెట్టు కింద రెండు కాళ్లతో తవ్వి తవ్వి, మూతి లోపలికి దూర్చాడు.

"ఎవరయ్యా?" అంది లోపల్నుంచి ఓ గొంతు.

నక్కకి నోటికి అలవాటైన మాటే వచ్చింది. "కంప్యూటర్ ఆఫీసు నుంచి."

"నాకు కంప్యూటరే లేదు నాయనా," అంటూ శూలయ్య అటు తిరిగి, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ తర్వాత నెల్లాళ్లు చతురయ్య ఎవర్నీ ఏమీ అడగలేదు. అడగడానికి మూతి తెరుచుకోవాలి కదా. మందరమ్మ కొత్త పాస్‌వర్డ్ ఏమిటో లకుమకే తెలియదు, ఇక నాకెలా తెలుస్తుంది. పంతొమ్మిది గుంతల పిల్లలూ నీళ్లు చేరాయి. అది మాత్రం నాకు తెలుసు.

నీతి: తొందరపెట్టి పాస్‌వర్డ్ అడిగేవాడు ఏ ఆఫీసువాడూ కాడు. పొరపాటున చెప్పేస్తే, సిగ్గుపడకుండా ఆ క్షణమే జరిగింది నలుగురికీ చెప్పి, పాస్‌వర్డ్ మార్చేయాలి.