మేకుల బండి బేరం

ఏటిగడ్డ రాజు ముమ్మడిరాజుగారికి ఓ పొద్దున్నే ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది. రాణీగారిని మంచి గూడుబండిలో పుట్టింటికి పంపాలని! కొత్తది చేయించాలంటే కర్ర ఆరాలి, వడ్రంగి ఖాళీ అవ్వాలి. రాణీగారేమో అప్పుడే మూటలు కట్టేసుకుని కూర్చున్నారు.

"సరే, వాడిన బండే మంచిది చూసి కొనండి" అన్నారు రాజుగారు.

ఆ రాజ్యంలో ఓ ఆచారం ఉండేది లెండి. పొలిమేరలో సుంకం చావడి దాటిన ప్రతిసారీ బండి నొగకి, అంటే కాడి కట్టే పొడుగాటి కర్రకి, ఓ చిన్న ఇనప మేకు కొట్టేవారు, సుంకం ముట్టినట్టు గుర్తుగా. అందుకని ఏటిగడ్డలో ఎవరు పాత బండి కొనబోయినా ఇరుసు చూడరు, చక్రం తిప్పరు. నొగ దగ్గర గొంతుక్కూర్చుని మేకులు లెక్కపెడతారు! తక్కువుంటే మహా గొప్ప బండి. ఎక్కువుంటే పొయ్యిలోకి. ఇంతకంటే సులువైన విద్య ఇంకోటి ఉందా, మీరే చెప్పండి.

కోట ముందుకి, రాజుగారి ఎదటికి, రెండు బండ్లు వచ్చాయి. ఒకటి నూకయ్యది. ఊళ్లో పెళ్లివాళ్లనీ, పురిటికెళ్లే ఆడపిల్లల్నీ తిప్పిన బండి. నొగ నిండా మేకులే. నడుం పట్టేసి బండి తోలడం మానుకుంటున్నాడు పాపం. దీన్ని అమ్మి ఓ పాడిగేదెని కొనుక్కుని బతుకుదామని ఆశ.

రెండోది భుజంగరావు మామగారిది. భుజంగరావంటే రాజుగారి బండ్లకీ గుర్రాలకీ అధికారి. ఆ బండి నొగకి ఒక్కటే మేకు. పైన రంగు తళతళా మెరిసిపోతోంది.

భుజంగరావు నూకయ్య బండి చుట్టూ తిరిగి, జనమంతా వినేలా అరిచాడు.

"ఛీ ఛీ! ఇది బండా, మేకుల దుకాణమా? దీన్ని కొన్నవాడంత వెర్రివెంగళప్ప ఇంకోడుండడు!"

నూకయ్య మొహం వాడిపోయింది. అధికారి నోట ఆ మాట వచ్చాక ఊళ్లో ఇంకెవరు కొంటారు? గేదె లేదు, పాలు లేవు, ఇక వీధిన పడటమే.

అప్పుడొచ్చాడు లక్కన్న, రాజుగారి కొలువులో మాటకారి. మామగారి బండి చక్రం తిప్పాడు. కీచుమని ఏడ్చింది. లోపలి నుంచి జలజలా పొడి రాలింది. నూకయ్య బండి చక్రం తిప్పాడు. కిక్కురుమనకుండా తిరుగుతూనే ఉంది.

"ప్రభూ, ఆ రంగు బండి ఏళ్ల తరబడి పాకలో పడుంది. చెద పట్టేసింది. నూకయ్య దీనికి రోజూ కందెన పెట్టాడు."

"తిరగని బండి చెడిపోవడమేమిటయ్యా!" భుజంగరావు పకపకా నవ్వాడు. "ఎంత తక్కువ వాడితే అంత మేలు. ఏ వస్తువుకైనా అంతే!"

రాజుగారు తలూపారు. "నిజమే. ఏ వస్తువుకైనా అంతే. రేపు బేరం ఖాయం చేసేద్దాం."

"ఏ వస్తువుకైనానా, ప్రభూ?" అన్నాడు లక్కన్న.

"అన్నాంగా!"

"చిత్తం" అని చక్కా పోయాడు.

మర్నాడు రాజుగారూ, భుజంగరావూ పక్కపక్క పీటల మీద క్షవరానికి కూర్చున్నారు. రోజూ వచ్చే పాపన్న లేడు! అతని అల్లుడు సింహాద్రి కత్తి పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

"పాపన్న ఏడీ?"

"మాన్పించేశాను ప్రభూ" అన్నాడు లక్కన్న. "ఎన్ని వేల గడ్డాలు గీశాడో! అరిగిపోయిన మనిషి. ఇతన్ని చూడండి, నిగనిగలాడుతున్నాడు."

రాజుగారు సింహాద్రి వైపు తిరిగారు. "ఏమోయ్, నువ్వెన్ని గడ్డాలు గీశావు?"

"కుండల మీద సాధన చేశానండి మహారాజా. మనిషంటే తమరిదే బోణీ!"

"ఆ కుండలేమయ్యాయి?"

"పగిలాయండి."

రాజుగారు తడిగడ్డంతో పీట మీంచి ఒక్క గెంతు గెంతారు. కొలువంతా గొల్లున నవ్వింది.

భుజంగరావు మాత్రం తగ్గలేదు. "మనిషి వేరు, వస్తువు వేరు ప్రభూ! మనిషి చేయగా చేయగా నేరుస్తాడు. వస్తువు వాడగా వాడగా అరుగుతుంది."

"అదీ నిజమే సుమా" అన్నారు రాజుగారు, గడ్డం తుడుచుకుంటూ.

"ముమ్మాటికీ నిజం!" అంటూ లక్కన్న చప్పట్లు కొట్టాడు. స్తంభం చాటు నుంచి పాపన్న రెండు కత్తులతో వచ్చాడు. "అయితే అధికారిగారికి పాపన్నే గీస్తాడు. ఈ కత్తి రోజూ నూరి వాడేది, సగానికి అరిగింది. ఇదేమో వాళ్ల తాత కొని అటక మీద పెట్టింది, ఒక్క గడ్డం ఎరగదు. అయ్యగారికి తాతగారి కత్తే పట్టు, పాపన్నా!"

తాతగారి కత్తి ఇటికరంగులో ఉంది. పాపన్న దాన్ని బుగ్గకి ఆనించాడో లేదో, భుజంగరావు రెండు చేతులతో మొహం కప్పేసుకున్నాడు.

"బాబోయ్, వద్దు! ఆ అరిగిన కత్తే పట్టు!"

"అదేమిటండీ? దీన్నసలు వాడనే లేదే?" అన్నాడు లక్కన్న.

"వాడకే కదయ్యా తుప్పు పట్టి చచ్చింది! రోజూ నూరి, రోజూ వాడింది కదా తెగేది!"

లక్కన్న రాజుగారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"నూకయ్య బండి గురించి నేను ఇంతకంటే బాగా చెప్పలేను ప్రభూ."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి కళ్ల నీళ్లు పెట్టుకున్నారు. నూకయ్యని పిలిపించి, అడిగిన ధరకే బండి తీసుకుని, పాడిగేదెని దూడతో సహా ఇప్పించారు. నూకయ్య ఆనందం పట్టలేక లక్కన్నని అమాంతం ఎత్తేశాడు, నడుం నొప్పి మాటే మర్చిపోయి!

రాజుగారు తన చేతి కడియం తీసి లక్కన్నకి తొడిగారు. "ఇంకేం కావాలో కోరుకో."

"సింహాద్రి సంగతి చూడండి ప్రభూ. పాపం, అతనూ ఎక్కడో ఒకచోట మొదలెట్టాలి కదా!"

రాజుగారు పక్క పీట వైపు చూశారు. పీట ఖాళీ. భుజంగరావు మెడలో తుండుగుడ్డతోనే కోట గుమ్మం దాటి పరుగెడుతున్నాడు. సింహాద్రి కత్తి పైకెత్తి, "అయ్యా, ఒక్క బోణీ!" అంటూ వెంటపడ్డాడు.