ఒడ్డు మీద గుడ్డమేడ

పొరుగు రాజు తన రేవులో అయిదంతస్తుల విడిదిమేడ కట్టించాడని తెలిసిన రోజున ఉద్దండరాయలవారికి అన్నం సయించలేదు.

"మన గవ్వలరేవులో ఏడంతస్తులు లేవాలి!" అని కొలువులో తొడ చరిచారు.

కట్టడాల పెత్తనం చూసే రంగశాయి అప్పటికే నక్షా చంకలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తన తెలివి మీద అతనికి ఎంత నమ్మకమంటే, తుమ్మితే తనకు తానే 'చిరంజీవ' అనుకునే రకం.

"స్థలం కూడా చూసి ఉంచాను ప్రభూ. సముద్రపొడ్డున బోలెడు ఇసుక ఊరికే పడి ఉంది. అతిథి కిటికీ తెరిస్తే కెరటాలు, విస్తరి వేస్తే తాజా వంజరం చేపల పులుసు!"

పులుసు మాటకి రాజుగారికి నోరూరింది.

వెనక తాంబూలపు పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పోలినాయుడికి మాత్రం గుండె గతుక్కుమంది. అతను పుట్టి పెరిగింది గవ్వలరేవులోనే. ఆ ఊళ్ళో ఇప్పటికే కాపురాలకంటే సత్రాలెక్కువ. సందులో ఎదురెదురుగా రెండు బుట్టలొస్తే ఒకటి వెనక్కి నడవాల్సిందే. పొద్దెక్కేసరికి బావిలో చేదకు బురదే తగులుతుంది. మిగిలిందల్లా ఆ ఇసుక. పడవలు లాగేదీ దాని మీదే, వలలు ఆరేసేదీ దాని మీదే.

ఇంతలో కోట గుమ్మం దగ్గర పెద్ద గోల.

"ఏమిటా కేకలు?" అన్నారు రాజుగారు.

"జయజయధ్వానాలు ప్రభూ! మేడ కబురు విని జనం పట్టలేకపోతున్నారు" అన్నాడు రంగశాయి.

"మరి ఆ ఏడుపులు?"

"ఆనందబాష్పాలు."

తమలపాకులు తెచ్చే నెపంతో పోలినాయుడు బయటికి జారుకున్నాడు. ఆనందబాష్పాలు కారుస్తున్నవాళ్ళని భటులు బల్లేలు అడ్డంపెట్టి వెనక్కి నెడుతున్నారు. అందరికంటే ముందు నూకాలమ్మ నిలబడి ఉంది. పడవలవాళ్ళకు ఆవిడే పెద్దదిక్కు.

"ఏటి నాయుడు బాబూ, ఒడ్డు లాగేసుకుంటారంట! పడవలు నెత్తిన పెట్టుకు తిరగమంటారా? కొలువులో మావోడివి నువ్వొక్కడివే. నోరు తెరవ్వేం?"

పోలినాయుడికి మొహం చిన్నబోయింది. "తాంబూలపు అడపం పట్టేవాడి నోరు రాజుగారు అడిగితేనే తెరుచుకోవాలి నూకాలత్తా. అడిగేలా చేస్తాను. మీరు మాత్రం ఒడ్డున ఏం లేపినా అడ్డుపడకండి. రోజూలాగే పడవల్ని వేటకి పంపండి, రోజూలాగే తిరిగి రమ్మనండి."

"అంతేనా?"

"అంతే."

లోపలికొచ్చి, రాజుగారికి తాంబూలం అందిస్తూ పైకి వినపడేలా నిట్టూర్చాడు.

"ఏరా, నీకేమొచ్చింది?"

"దిగులు ప్రభూ. ఇంత మేడ పూర్తయ్యేసరికి ఏళ్ళు పడుతుంది. అందాకా తమరు ఆ సుఖం చూడకుండా ఎలా? వెదుళ్ళతో, గుడ్డలతో అదే చోట, అదే కొలతకి ముందొకటి నిలబెడితే, తమరే మొదటి అతిథిగా భోంచేయొచ్చు. రంగశాయిగారి పనితనమూ నలుగురికీ తెలుస్తుంది."

ఆ చివరి మాట రంగశాయి చెవిలో తేనె పోసినట్టుంది. "సరిగ్గా నేననుకున్నదే వీడన్నాడు ప్రభూ!"

ఇంక ఊరుకుంటాడా! నక్షాలో ఉన్నదానికి మరికాస్త కలిపి, ఒడ్డు ఈ చివర్నించి ఆ చివరిదాకా గుడ్డమేడ లేపాడు. ఒక పక్క బండరాళ్ళు, మరో పక్క పాత సత్రాలు, మధ్యలో మేడ. అడుగుపెట్టడానికి చారెడు ఇసుక కనపడితే ఒట్టు.

ఆ రోజు తెల్లవారుజామున పడవలు వేటకి పోయాక చివరి గుడ్డ కూడా కట్టేశారు. రాజుగారు పల్లకీలో బయల్దేరారు. సందులోకి రాగానే పల్లకీ రెండు సత్రాల అరుగుల మధ్య ఇరుక్కుపోయింది. దిగి, పొట్ట లోపలికి పీల్చి, పక్కవాటుగా నడిచారు.

"చూశారా ప్రభూ, మన ఊరికెంత గిరాకీ!" అన్నాడు రంగశాయి. అప్పటికే అతని తలపాగా ఎవరిదో చూరుకి వేలాడుతోంది.

మొత్తానికి రాజుగారూ, రంగశాయీ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. అన్నం వచ్చింది, పప్పు వచ్చింది, ఆవకాయ వచ్చింది. పులుసు రాలేదు. వంటవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అన్నం చల్లారుతోంది, రాజుగారి కడుపు కాలుతోంది.

"ఒరే పోలీ! చేప ఏదిరా?"

అడిగారు కదా! పోలినాయుడు పళ్ళెం కిందపెట్టి, సముద్రం వైపున్న గుడ్డగోడని తాడు పట్టి పైకి లాగాడు.

ఎదురుగా నీళ్ళ మీద ఊళ్ళో పడవలన్నీ ఊగుతున్నాయి. వాటి నిండా తళతళలాడే చేపలు. తెడ్లు పట్టుకుని ఎండలో మాడిపోతున్న మనుషులు. గోడ వారన మోకాలిలోతు నీళ్ళలో ఖాళీ బుట్టతో నూకాలమ్మ.

"చేపలు ఎప్పుడో వచ్చాయి ప్రభూ. వాటికే ఇక్కడ విడిది దొరకలేదు!"

రాజుగారు పడవల వంక చూశారు. విస్తరి వంక చూశారు. తర్వాత రంగశాయి వంక చూశారు.

"వీళ్ళు ఎక్కడ దిగాలయ్యా?"

"ఆ... అటు, రాళ్ళ వైపు ప్రభూ..."

"రాళ్ళ మీదికి తెస్తే చేపలు మళ్ళీ నీళ్ళలోకే పోతాయి మారాజా. మా పిల్లలూ పోతారు" అంది నూకాలమ్మ. "ఆ మాట చెప్పుకుందారని కోటకొస్తే బల్లేలెట్టి గెంటించారు."

రంగశాయి తల వంచుకుని పప్పులో ఏదో వెతుకుతున్నాడు.

రాజుగారి మీసం ముందు కోపంతో అదిరింది, ఆ వెంటనే నవ్వుతో అదిరింది. కాసేపటికి నవ్వే గెలిచింది. చేతి కంకణం తీసి పోలినాయుడికి తొడిగారు.

"ఈ ఒడ్డున పడవ తప్ప మరేదీ నిలవకూడదు. ఇదే మా ఆజ్ఞ! ఇంకేం కావాలో కోరుకోరా."

"ఈ గుడ్డలు మాకిప్పించండి ప్రభూ. మావాళ్ళకి తెరచాపలవుతాయి."

"ఇచ్చాం. రంగశాయీ, దింపు! నీ చేత్తోనే దింపు" అంటూ రాజుగారు అందర్నీ వెంటబెట్టుకుని బయటికి నడిచారు.

రంగశాయి దొరికిన తాడల్లా లాగాడు. మేడంతా ఒక్కసారిగా అతని మీదే కూలింది. గుడ్డల కిందనుంచి రెండు పాదాలు మాత్రం బయటికి కనపడ్డాయి.

నూకాలమ్మ బుట్ట చంకన పెట్టుకుని ముందుకొచ్చింది.

"కాళ్ళు తియ్యండి బాబూ, పడవ దిగాల!"

ఒడ్డంతా గొల్లున నవ్వింది.